ముప్పావు పని

ఫిజీ దీవుల చెరకు తోటలకు మన దేశం నుంచి కూలీలను తీసుకుపోయిన ఒప్పంద పత్రాన్ని నేను చాలా ఆలస్యంగా, ఉద్యోగ విరమణ దగ్గరపడ్డాక చదివాను. వలసల చరిత్ర మీద పాఠం సిద్ధం చేసుకుంటూ చదివాను. అదేమీ పెద్ద పత్రం కాదు. ఐదేళ్లు పని చెయ్యాలి. రోజు లెక్కన అయితే సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు తొమ్మిది గంటలు, శనివారం ఐదు గంటలు. పని లెక్కన అయితే మగవాళ్లకు ఒక టాస్కుకు ఒక షిల్లింగు, ఆడవాళ్లకు తొమ్మిది పెన్నీలు. టాస్కు అంటే ఎంత పని? దానికీ అందులో నిర్వచనం ఉంది. మామూలు దేహదారుఢ్యం ఉన్న వయోజన పురుషుడు ఆరు గంటల పాటు నిలకడగా పని చేస్తే ఎంత అవుతుందో అంత. మరి ఆడమనిషి టాస్కు? మగవాడి టాస్కులో ముప్పావు వంతు.

ఆ ‘ముప్పావు’ దగ్గర ఆగిపోయాను. చరిత్ర అధ్యాపకురాలిగా నాకున్న ఆసక్తి ఒక్కటే అందుకు కారణం కాదు. ఆ మాట నేను చిన్నప్పుడే, మా చేలోనే విన్నాను. ఒక రోజు అది నా చేతుల మీదుగా అమలైంది కూడా.

మాది గోదావరి డెల్టాలో ఒక మోస్తరు రైతు కుటుంబం. 1970ల మధ్యలో, నాకు పదేళ్లప్పుడు, ఊడ్పుల కాలంలో బడి లేని రోజున నాన్నగారు నన్ను గట్టు మీద కూర్చోబెట్టేవారు. నా చేతిలో ఒక నోట్‌బుక్కు. ఎంతమంది వచ్చారు, ఎవరు ఆలస్యంగా చేలో దిగారు, ఎవరు మధ్యలో ఎన్నిసార్లు గట్టెక్కారు, ఇవన్నీ రాయడం నా పని. మాలపల్లె నుంచి వచ్చే ఆ ఆడవాళ్లలో చాలామంది మా అమ్మ వయసు వాళ్లు. నన్ను ‘అమ్మాయిగారూ’ అనేవారు, ‘మీరు’ అనేవారు. నా నోట్‌బుక్కులో వాళ్లకు పేర్లు లేవు. ఫలానా వాళ్ల కోడలు, ఫలానా వాళ్ల పెద్దది, అంతే.

ఒక రోజు వాళ్లలో ఒకామె చంటిబిడ్డను తెచ్చుకుంది. కాలవ గట్టున చెట్టుకు చీర ఉయ్యాల కట్టింది. బిడ్డ ఏడ్చినప్పుడల్లా కాళ్లు కడుక్కుని గట్టెక్కి పాలిచ్చి మళ్లీ దిగింది. మూడుసార్లు. నేను మూడు గీతలు గీశాను. సాయంత్రం కూలి లెక్క దగ్గర నాన్నగారు నోట్‌బుక్కు చూసి ఆమెకు ముప్పావు కూలి ఇచ్చారు. ఆమె ఏమీ మాట్లాడలేదు. జట్టులో పెద్దామె మాత్రం, “మడి నిండింది కదండీ” అంది. నాన్నగారు విననట్టే ఉండిపోయారు. నా లెక్క పనికొచ్చినందుకు నాకు గర్వంగా అనిపించింది. ఆ గర్వం నాకిప్పటికీ గుర్తుంది. అందుకే ఈ వ్యాసాన్ని ఫిజీతో మొదలుపెట్టి ఊరుకోలేకపోయాను.

మడి నిండింది అన్న మాటలో ఏముందో అర్థం కావడానికి ఊడ్పు ఎలా జరుగుతుందో చెప్పుకోవాలి. మన పత్రికల్లో స్త్రీల శ్రమ గురించి చాలానే రాశాం కానీ, ఆ శ్రమ ఒక పనిగా ఎలా నడుస్తుందో రాసింది తక్కువ. అందరూ ఒక వరసలో నిలబడతారు. ఒక్కొక్కరూ ఒక్కో మునుం పడతారు. ఎడమ చేతిలో నారుకట్ట. కుడి చేయి దాంట్లోంచి నాలుగైదు మొక్కలు విడదీస్తుంది, వేళ్లతో బురదలోకి గుచ్చుతుంది, మళ్లీ కట్ట దగ్గరికి వస్తుంది. అడుగు వెనక్కి పడుతుంది. నారు మరీ లోతుగా వెళ్తే పిలకలు వెయ్యదు, మరీ పైన ఉంటే నీటికి తేలిపోతుంది. కుదురుకూ కుదురుకూ మధ్య దూరం చూపుతోనే తేల్చుకోవాలి. నడుం వంచితే మడి చివర దాకా ఎత్తే వీలు తక్కువ. ఇలా పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఒక్క రోజు కాదు, ఆ ఊళ్లోనూ పక్క ఊళ్లోనూ ఊడ్పులు ముగిసేదాకా.

ఇంత పనిని ఎవరూ పరుగు మీద చెయ్యలేరు. మొదటి గంటలో గబగబా నాటిన మనిషి మధ్యాహ్నానికి కూలబడుతుంది. ఆ సంగతి వాళ్లకు బాగా తెలుసు. వరసకు ఒక పెద్ద ఉంటుంది. ఆమె చెయ్యి ఎంత వేగంగా ఆడితే వరస అంత వేగంగా సాగుతుంది. ఆమె ఎంచుకునే వేగం వరసలో అందరికంటే చురుకైన పిల్లదీ కాదు, అందరికంటే నెమ్మదైన ముసలామెదీ కాదు. సాయంత్రం దాకా అందరూ నిలబడగలిగే వేగం అది. పాట కూడా అందుకే. ఒకరు అందుకుని మిగతావాళ్లు కలిపే పాట చేతులకు తాళం వేస్తుంది, ఊపిరిని క్రమంలో పెడుతుంది. జానపద సాహిత్య పరిశోధకులు ఆ పాటల్లో వస్తువును, ఛందస్సును పరిశీలించారు. పాట ఆగితే పని ఎలా తడబడుతుందో గట్టు మీద కూర్చున్న నేను చూశాను.

మునుం వెనకబడితే వరస వంకర పోతుంది. అలా పోకుండా ఉండటానికి వాళ్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. ఒకామె వెనకబడితే అటు పక్కామె, ఇటు పక్కామె చెరో రెండు కుదుళ్లు ఆమె మునుంలో వేసుకుంటూ పోతారు. చంటిబిడ్డ తల్లి గట్టెక్కిన మూడుసార్లూ జరిగింది ఇదే. ఆమె తిరిగొచ్చేసరికి ఆమె మునుం పక్కవాళ్లతో సమంగానే ఉంది. నేను ఆమె గట్టెక్కడం రాశాను. పక్కవాళ్ల చేతులు ఆమె మునుంలోకి వెళ్లడం రాయలేదు. నా నోట్‌బుక్కులో దానికి గడి లేదు. మడి నిండింది, పని ఒక్క కుదురు కూడా తగ్గలేదు, కూలిలో పావు వంతు మాత్రం మిగిలింది. మిగిలింది మాకు.

ఇప్పుడు ఫిజీకి వద్దాం. 1879 నుంచి 1916 దాకా అరవై వేల మందికి పైగా భారతీయులు గిర్మిట్ మీద అక్కడికి వెళ్లారు. ఇంగ్లీషులో ఒప్పందం అనే అర్థం ఉన్న ‘అగ్రిమెంట్’ వాళ్ల నోళ్లలో నలిగి గిర్మిట్ అయ్యింది. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా కూడా తీసుకుపోవడం మొదలుపెట్టారు. అలా వెళ్లిన పదిహేను వేల మంది దాకా దక్షిణాది వాళ్లలో తమిళులు, మలయాళీలతో పాటు ఉత్తర ఆర్కాటు నుంచి, గోదావరి, కృష్ణా, విశాఖపట్నం జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. ప్రతి వంద మంది మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లు ఉండాలన్నది ప్రభుత్వ నిబంధన. పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు ఉన్న గదిలో ముగ్గురు ఒంటరి మగవాళ్లు గానీ, ఒక కుటుంబం గానీ ఉండాలి. తెల్లవారక ముందే లేచి వంట చేసుకుని, పొద్దు పొడిచేసరికి చెరకు తోటలో ఉండాలి.

అక్కడ ఒక్కొక్కరికీ ఒక్కో చెరకు వరస కొలిచి ఇచ్చేవారు. అదే టాస్కు. సాళ్ల మధ్య కలుపు తీయడం, కాలవలు తవ్వడం, చెరకు నాటడం, కొట్టడం. ‘మామూలు’ పురుషుడి ఆరు గంటల నిలకడ పని అని చట్టం చెప్పింది కానీ, ఆ మామూలు పురుషుణ్ణి ఎంచుకునేది ఓవర్సీరు. గట్టి మనుషులను కొందరిని ఏరి, వాళ్ల చేత పని చేయించి చూసి, అందరికీ అదే కొలత పెట్టేవారని ఆ వ్యవస్థను అధ్యయనం చేసిన చరిత్రకారులు రాశారు. టాస్కు పూర్తి కాకపోతే ఆ రోజు కూలి పోవడంతో అయిపోదు. పని పూర్తి చెయ్యకపోవడం నేరం. కోర్టుకు ఈడ్చేవారు, జరిమానా వేసేవారు, పోయిన రోజులను ఒప్పంద కాలానికి కలిపేవారు. పత్రంలో రాసిన షిల్లింగు, తొమ్మిది పెన్నీలు చాలా ఏళ్ల పాటు సగటు కూలీ చేతికి పూర్తిగా అందనే లేదు.

మగవాడికి షిల్లింగు, అంటే పన్నెండు పెన్నీలు. ఆడమనిషికి తొమ్మిది. పని ముప్పావు, కూలి ముప్పావు. పైకి చూస్తే లెక్క సరిగ్గానే ఉంది. అంత పనికి అంత కూలి. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ నిర్వచనాన్ని మళ్లీ చదివితే అందులో ఉన్న లోటు కనిపిస్తుంది. మగవాడి పనికి గంటల కొలత ఉంది. ఆడమనిషి పనికి గంటల కొలత లేదు. ఆమె ముప్పావు టాస్కు ఎన్ని గంటల్లో పూర్తి కావాలి? చట్టం చెప్పదు. ఆమె నిలకడ అంటే ఏమిటి? చట్టం అడగదు. ఏడో నెల గర్భిణికి ఎన్ని గంటలు పడుతుంది, రాత్రంతా జ్వరం పిల్లతో మేలుకున్న తల్లికి ఎన్ని గంటలు పడుతుంది అన్న ప్రశ్నలు ఆ వాక్యంలో పట్టవు. ఆమెను ఆమె ఒంటితో కొలవలేదు. ఇంకొకరి ఒంట్లోంచి పావు వంతు తీసేసి, మిగిలింది ఆమె అన్నారు.

రెండో లోటు ఇంకా పెద్దది. టాస్కు ఒక్కొక్కరికీ విడివిడిగా కొలిచి ఇచ్చేది. ఎవరి వరస వాళ్లదే, ఎవరి కోర్టు కేసు వాళ్లదే. పక్కామె వరసలో చెయ్యి పెడితే తన వరస మిగిలిపోతుంది, రేపు జరిమానా కట్టేది తనే. మన చేలో పక్కామె వేసే ఆ రెండు కుదుళ్లు అక్కడ సాధ్యం కాకుండా చేశారు. గోదావరి చేలలో వరసగా ఊడ్చిన ఆడవాళ్లు ఎవరైనా అక్కడికి వెళ్లి ఉంటే, వాళ్లు పోగొట్టుకున్న వాటిలో ఇదొకటని నేననుకుంటాను. వాళ్లలో ఎవరూ ఈ సంగతి రాసిపెట్టలేదు. రాసే అవకాశం వాళ్లకు లేదు.

కుంతి పేరు చాలామందికి తెలిసే ఉంటుంది. ఉత్తర భారతం నుంచి వెళ్లిన దళిత స్త్రీ. 1912లో ఫిజీలోని రేవా ప్రాంతంలో ఒక తోటలో ఓవర్సీరు ఆమెను మిగతా ఆడవాళ్లకు దూరంగా, ఎవరూ లేని చోట ఒంటరిగా కలుపు తీయమని పంపాడు. అక్కడ ఆమె మీద అత్యాచారానికి ప్రయత్నించాడు. ఆమె తప్పించుకుని నదిలో దూకింది. పడవలో ఉన్న ఒక కుర్రవాడు కాపాడాడు. ఆమె చెప్పిన కథ 1913లో ‘భారత్ మిత్ర’ పత్రికలో వచ్చి దేశాన్ని కదిలించింది. 1915లో సి.ఎఫ్. ఆండ్రూస్, పియర్సన్ ఫిజీ వెళ్లి చూసి వచ్చి నివేదిక రాశారు. 1917 జనవరిలో అలహాబాదు సభలో మన హైదరాబాదు సరోజినీ నాయుడు ఈ వ్యవస్థకు వ్యతిరేకంగా ఉద్వేగంతో మాట్లాడింది. అదే ఏడు స్త్రీల ప్రతినిధి బృందం ఒకటి వైస్రాయిని కలిసింది. ఆ ఏడే కూలీల ఎగుమతి ఆగింది. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒప్పందాలూ రద్దయ్యాయి.

అది గొప్ప విజయమే, అందులో స్త్రీల పాత్రా గొప్పదే. కానీ ఆ ఉద్యమం ఏ మాటల్లో నడిచిందో చూస్తే మనకు ఇబ్బందిగా ఉంటుంది. భారత స్త్రీ మానం, జాతి పరువు. సభల్లో కన్నీళ్లు పెట్టించిన మాటలు అవి. బ్రిజ్ లాల్ వంటి చరిత్రకారులు కుంతి కథను తిరిగి చదివి, గిర్మిట్ స్త్రీలు కేవలం మానం పోగొట్టుకున్న అబలలు కారనీ, మగవాళ్లలాగే పొలాల్లో పని చేసి, అదనంగా పిల్లల్నీ వంటనూ మోసిన కార్మికులనీ గుర్తుచేశారు. నేను దీనికి ఇంకొకటి కలుపుతాను. కుంతిపై దాడికి దారి తీసింది పని అప్పగించిన తీరు. ఆమెను వరసలోంచి విడదీశారు. ఒంటరి టాస్కు ఇచ్చే అధికారం ఓవర్సీరు చేతిలో ఉంది కాబట్టి ఆమె ఒంటరిదయ్యింది. మానం గురించి అంతగా మాట్లాడిన ఉద్యమం, ముప్పావు టాస్కు గురించి, దాన్ని ఒంటరిగా కొలిచి ఇచ్చే పద్ధతి గురించి అంత గట్టిగా మాట్లాడలేదు. మాట్లాడితే మన ఊళ్లలో మన చేలలో కూలి లెక్కల గురించీ మాట్లాడాల్సి వచ్చేది.

సరిగ్గా ఆ ఏళ్లలోనే అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ నిలకడ పనిని శాస్త్రంగా మార్చే పనిలో ఉన్నాడు. 1911లో వచ్చిన అతని శాస్త్రీయ యాజమాన్య సూత్రాల పుస్తకం చదవని యాజమాన్య విద్యార్థి ఉండరు. బెత్లెహేం ఉక్కు కర్మాగారంలో ఒక్కొక్కటి దాదాపు 42 కిలోలుండే ఇనుప దిమ్మెలను బండికెత్తే ‘ష్మిట్’ కథ అందులో ప్రసిద్ధం. రోజుకు పన్నెండున్నర టన్నులెత్తే మనిషి, ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు కూర్చోవాలో పక్కన నిలబడి ఒకరు చెప్తుంటే, నలభై ఏడున్నర టన్నులెత్తాడట. ఈ కథలో అతిశయోక్తి పాలు ఎక్కువని తర్వాతి చరిత్రకారులు తేల్చారు. అయినా అందులో ఒక సంగతి గమనించదగ్గది. రోజులో సగానికి పైగా సమయం చేతిలో బరువు లేకుండా ఉంటేనే ఆ పని సాధ్యమని టేలర్ రాశాడు. విశ్రాంతి పనికి ఆటంకం కాదు, పనిలో భాగం అన్నమాట. మా చేలో పెద్దామెకు తెలిసిన విషయమే ఇది. తేడా ఒకటుంది. ఎప్పుడు ఆగాలో తేల్చే హక్కు అక్కడ దిమ్మె ఎత్తే మనిషి చేతిలోంచి గడియారం పట్టుకున్న మనిషి చేతిలోకి పోయింది.

అదే పుస్తకంలో ఆడపిల్లల కథ కూడా ఉంది. దాని గురించి అంతగా ఎవరూ చెప్పరు. సైకిళ్లలో వాడే చిన్న ఉక్కు గోళీలను వేళ్ల మధ్య దొర్లించి, లోపమున్నవి ఏరేసే పని. నూట ఇరవై మంది దాకా అమ్మాయిలు రోజుకు పదిన్నర గంటలు చేసేవారు. టేలర్ పద్ధతి వచ్చాక గంటలు ఎనిమిదిన్నరకు తగ్గాయి, గంటా పావుకోసారి పది నిమిషాల విరామం వచ్చింది, జీతాలు బాగా పెరిగాయి. వినడానికి బాగుంది. కానీ చివరికి మిగిలింది ముప్పై ఐదు మంది. నూట ఇరవై మంది పని ముప్పై ఐదు మంది చేశారు. చూపు చురుకుదనం పరీక్షించి మిగతావాళ్లను పంపేశారు. పంపేసిన వాళ్లలో ఎంతో తెలివైనవాళ్లు, కష్టపడేవాళ్లు, నమ్మకమైనవాళ్లు ఉన్నారని టేలరే ఒప్పుకున్నాడు. మిగిలినవాళ్లను పని చేస్తూ మాట్లాడుకోవడానికి వీల్లేనంత ఎడంగా కూర్చోబెట్టారు.

ఈ ‘ఎడం’ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. షికాగో దగ్గర హాథార్న్ కర్మాగారంలో 1927 నుంచి 1932 దాకా టెలిఫోన్ రిలేలు బిగించే ఐదుగురు అమ్మాయిలను ఒక గదిలో పెట్టి, విరామాలు మార్చి, గంటలు మార్చి, వాళ్ల వేగం కొలిచారు. పారిశ్రామిక మనస్తత్వశాస్త్రానికి పునాది వేసిన ప్రయోగంగా దాన్ని ఇప్పటికీ పాఠాల్లో చెప్తారు. ఎక్కువగా మాట్లాడుతున్నారని, సహకరించడం లేదని వాళ్లలో ఇద్దరిని 1928 మొదట్లో తీసేసి, వేరే ఇద్దరిని తెచ్చారన్నది చాలా పాఠాల్లో ఉండదు. ఆ గదిలో కూలి లెక్క ఆ చిన్న జట్టు మొత్తానికి కలిపి కట్టేవారు. ఒకరు అలిసిపోతే ఇంకొకరు వేగం పెంచి సర్దుకునేవారు. వేగం ఎందుకు పెరిగిందని పండితులు దశాబ్దాల పాటు వాదించుకున్నారు. మునుం పట్టిన ఆడవాళ్లను అడిగి ఉంటే ఒక జవాబైనా దొరికేది.

ఇంతకీ స్త్రీల వేగం గురించి లోకం రెండు మాటలు చెప్తుంది. గడ్డపార, తట్ట, బరువుల దగ్గర ఆడమనిషి నెమ్మది, కాబట్టి ముప్పావు కూలి. ఊడ్పు, కలుపు, బీడీలు చుట్టడం, ఉక్కు గోళీలు ఏరడం దగ్గర ఆడవేళ్లు సహజంగానే చురుకు. సహజం కాబట్టి అది నైపుణ్యం కాదు, నైపుణ్యం కాదు కాబట్టి దానికీ తక్కువ కూలే. నెమ్మదైనా నష్టమే, చురుకైనా నష్టమే. నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాల్లో బీడీల కూలి వెయ్యికి ఇంత అని కడతారు. కూలి పెరగాలంటే చెయ్యి వేగం పెంచుకోవాలి. ఆ వేగం కోసం ఆకు కత్తిరించిపెట్టిన చిన్న కూతురు, దారం చుట్టిపెట్టిన ముసలి అత్త వెయ్యి బీడీల లెక్కలో కనపడరు. అక్కడా సాయం చేతులకు గడి లేదు.

సమాన వేతన చట్టం 1976లో వచ్చింది, దాదాపు నేను గట్టు మీద కూర్చున్న కాలంలోనే. అదే పనికి గానీ, అదే తరహా పనికి గానీ స్త్రీ పురుషులకు ఒకే వేతనం ఇవ్వాలంది. 2019 వేతన కోడ్‌లో అది కలిసిపోయింది, ఆ కోడ్ 2025 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. చట్టం మంచిదే. కానీ మన చేలలో ఆ ‘అదే పని’ అన్న మాట దగ్గరే అది ఆగిపోయింది. అరక దున్నడం మగ పని, ఊడ్పు ఆడ పని. బస్తా మొయ్యడం మగ పని, కలుపు ఆడ పని. పోల్చడానికి పక్కన మగవాడే లేని పనికి సమానత్వం ఎవరితో? ఇటీవలి ఏళ్లలో తెలంగాణలో బీహారు, బెంగాలు నుంచి మగవాళ్ల ముఠాలు వచ్చి ఎకరాల లెక్కన నాట్లు వేస్తున్నాయి. వాళ్ల వేగం గురించి, ఒడుపు గురించి రైతులు మెచ్చుకుంటూ చెప్పుకుంటున్నారు. ఆ మెచ్చుకోలు విన్నప్పుడు నాకు మా పెద్దామె గుర్తొస్తుంది.

మునుం పద్ధతిని నేను స్వర్గంలా చూపించదలచుకోలేదు. రోజు కూలి పోయి ఎకరాకింత అని గుత్త వచ్చిన చోట, ఆడవాళ్లే చంటిపిల్లల తల్లుల్ని, వయసు మళ్లినవాళ్లను జట్టులోకి రానివ్వకపోవడం నేను విన్నాను. ఒకరు తగ్గినా అందరి కూలీ తగ్గుతుందన్న భయం వాళ్లను అలా చేసింది. అంటే సాయం చెయ్యడమూ మానడమూ ఆడవాళ్ల స్వభావంలో లేవు, కూలి కట్టే పద్ధతిలో ఉన్నాయి. పద్ధతిని మనుషులు పెట్టారు, మనుషులే మార్చగలరు.

మార్చిన సందర్భం ఒకటి మన దగ్గరే ఉంది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పని మొదలైంది. ఆ చట్టం మొదటి షెడ్యూలులో, ఏడు గంటలు పని చేసిన మనిషికి మామూలుగా పూర్తి కూలి దక్కేలా పని ధరలు నిర్ణయించాలని రాశారు. వినడానికి ఫిజీ పత్రంలా ఉంటుంది. అయితే ఇక్కడ ‘పురుషుడు’ అన్న మాట లేదు, ముప్పావు లేదు. పాత ధరల పట్టికలు కాంట్రాక్టర్ల కోసం, యంత్రాల కోసం, గట్టి మగ ఒళ్ల కోసం తయారైనవి కాబట్టి వాటితో ఆడవాళ్లకు పూర్తి కూలి రాదని తేలింది. అందుకని ఆంధ్రప్రదేశ్‌లో పని, కాలం, కదలికల అధ్యయనాలు చేయించి గ్రామీణ పనులకు వేరే ధరల పట్టిక తెచ్చారు. నేల గట్టిదా, మెత్తదా, మట్టి ఎంత దూరం మొయ్యాలి, ఎంత ఎత్తుకు ఎత్తాలి అన్నవి లెక్కలోకి వచ్చాయి. అంతకుముందు గొయ్యి కొలిస్తే తవ్వినవాడి పని కనపడేది, తట్ట మోసినదాని పని మట్టిలో కలిసిపోయేది. టేలర్ గడియారాన్నే తిప్పి పట్టుకోవడం ఇది. ఎండాకాలం పని కొలత తగ్గించి కూలి తగ్గకుండా చూశారు. వికలాంగులకు విడిగా సంఘాలు కట్టి, తక్కువ పనికి పూర్తి కూలి ఇచ్చారు. ఐదుగురు అంతకంటే ఎక్కువ మంది చిన్నపిల్లలు పని దగ్గరికి వస్తే వాళ్లను చూసుకునే ఆమెకూ మిగతావాళ్లతో సమానంగా కూలి ఇవ్వాలని చట్టమే చెప్పింది.

అమలులో లోపాలు అనేకం. కొలతల ఆలస్యాలు, మేట్ల పక్షపాతం, నెలల తరబడి రాని కూలి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో వేరొకటి తెచ్చింది. కొత్త దాంట్లో రోజులెన్ని, డబ్బు ఎవరిది అన్న చర్చ జరుగుతోంది, జరగాలి కూడా. ఒక రోజు పని అంటే ఎంత, దాన్ని ఎవరి ఒంటితో కొలుస్తారు అన్నది కూడా అంతే గట్టిగా అడగాలని నా మనవి. పాత చట్టం కింద పనికి వెళ్లినవాళ్లలో సగానికి పైగా స్త్రీలే. తక్కువ పనికి పూర్తి కూలి అన్నది దయ కాదు. ముప్పావు పనికి ముప్పావు కూలి అన్న లెక్క ఫిజీలో ఎక్కడ తప్పిందో, ఇక్కడ ఆ తప్పు సరిదిద్దుకున్నది. మనిషి తన ఒంటితో నిలకడగా ఎంత చెయ్యగలదో అదే ఆమె పూర్తి పని.

స్త్రీ శక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలోని స్త్రీలు తమ గొంతుతో మాట్లాడటం చదివి మా తరం చరిత్ర రాయడం కొత్తగా నేర్చుకుంది. కానీ అడగాల్సిన వాళ్లందరినీ అడిగామా? ఆ పెద్దామెను నేనెప్పుడూ ఏమీ అడగలేదు. వరస వేగం ఎలా ఎంచుకునేదో, ఎవరు అలిసిపోయారో నడుం ఎత్తకుండానే ఎలా కనిపెట్టేదో, ఆ రోజు “మడి నిండింది కదండీ” అన్నాక ఇంటికి వెళ్తూ ఏమనుకుందో. చరిత్ర చదువుకున్నాక అడగడానికి వెళ్లేసరికి ఆమె లేదు. ఆ చంటిబిడ్డ తల్లి ఎక్కడుందో కూడా ఎవరూ చెప్పలేకపోయారు. పేరు రాసుకుని ఉంటే వెతికేదాన్ని.

ఆ నోట్‌బుక్కు మా ఇంట్లో చాలాకాలం ఉంది. మూడు గీతల పేజీ కూడా ఉంది. ఆ గీతలు అబద్ధం కాదు, ఆమె మూడుసార్లు గట్టెక్కింది. ఆ మూడు గీతల పక్కన నేను గియ్యని గీతలు ఎన్నో ఉన్నాయి. ఆమె మునుంలో పడిన ప్రతి కుదురుకూ ఒకటి.